కాడలు లేని కళ్లజోడుకు స్ప్రింగు ప్యాడ్లు: ఎంత బలం ఉండాలి, ఎక్కడ ఆనాలి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా చెబుతాను. చెవుల వెనుక చర్మం తరచూ పుండ్లు పడుతున్నందున మీ అమ్మగారికి కాడలు లేని కళ్లజోడు తయారు చేయాలనుకున్నారు. జోడు మొత్తం బరువు 18 గ్రాములు. ముక్కుకు రెండు పక్కలా ఆనే ప్యాడ్లను 0.4 మి.మీ. మందం, 15 మి.మీ. పొడవు ఉన్న స్టీలు తీగల చివర బిగించి, ఆ తీగల వంగి లేచే గుణాన్నే స్ప్రింగుగా వాడుకున్నారు. మొదట గట్టిగానే నిలిచినా అరగంటకల్లా నొప్పి పుడుతోందని, చెమట పట్టగానే జోడు ముందుకు జారిపోతోందని, కనుక ఇంకా మందమైన తీగ వేయాలా అని అడిగారు. జోడు ముక్కుకు దానంతట అదే సర్దుకోవాలన్నది మీ కోరిక.

వేయకండి. ఫ్రేములను ముక్కుకు సర్దే పనిలో చాలాకాలంగా ఉన్నవాడిగా, స్ప్రింగుల లెక్కలు వేయడం అలవాటైనవాడిగా చెబుతున్నాను: మందమైన తీగ వేస్తే నొప్పి పెరుగుతుంది, జారడం మాత్రం ఆగదు. జోడు బరువును మోయవలసింది స్ప్రింగు కాదు, ముక్కు వాలు. ప్యాడు ఆ వాలును వదలకుండా ఆనించి ఉంచడం ఒక్కటే స్ప్రింగు పని. ఈ రెండు పనులనూ విడదీస్తే మీ రూపకల్పన చాలావరకు దానంతట అదే కుదురుకుంటుంది.

ముక్కుకు రెండు వాలులు ఉంటాయి. ఎదురుగా నిలబడి చూస్తే ముక్కు పైన సన్నగా ఉండి కిందికి వచ్చేకొద్దీ వెడల్పవుతుంది. ఇది మనకు మేలు చేసే వాలు. జోడు కిందికి జారాలంటే ప్యాడ్లు విచ్చుకోవాలి, స్ప్రింగు అందుకు ఒప్పుకోదు. పైనుంచి చూస్తే మాత్రం ముక్కు బుగ్గల దగ్గర వెడల్పుగా ఉండి ముందుకు వచ్చేకొద్దీ సన్నబడుతుంది. ఇది మనకు కీడు చేసే వాలు. ఈ రెండో వాలు మీద ప్యాడ్లను రెండు పక్కల నుంచీ నొక్కితే, తడి చింతపిక్కను వేళ్ల మధ్య నొక్కినప్పుడు అది ఎగిరిపడినట్టే, జోడు ముందుకు తోసుకువస్తుంది.

దీన్ని అంకెల్లో చూద్దాం. బలాన్ని కూడా గ్రాముల్లోనే చెబుతాను, ఎందుకంటే మీరు చివరికి కొలవబోయేది కాటా మీదనే. పొడి చర్మం మీద సిలికాన్ బాగా పట్టుకుంటుంది కానీ నూనె, చెమట చేరాక ఆ పట్టు పడిపోతుంది కనుక, లెక్క కోసం ఘర్షణ గుణకాన్ని (పట్టు ఎంతో చెప్పే అంకెను) నేను 0.3కు మించి తీసుకోను. ఒక్కో ప్యాడు మోయవలసిన బరువు 9 గ్రాములు, స్ప్రింగు అడ్డంగా నొక్కే బలం 20 గ్రాములు అనుకుందాం. ఎదురుగా కనిపించే వాలు నిటారు నుంచి 20 డిగ్రీలు ఉన్న ముక్కు మీద జోడు కిందికి జారకుండా ఉండటానికి 0.08 ఘర్షణ ఉన్నా చాలు. చెమట పట్టినా అంత మాత్రం దొరుకుతుంది. వాలు 10 డిగ్రీలైతే 0.25 కావాలి. 5 డిగ్రీలే అయితే 0.35 కావాలి, అంటే చెమట పట్టిన మరుక్షణం జారడం మొదలవుతుంది. బలం మూడు సందర్భాల్లోనూ ఒక్కటే, మారింది వాలు మాత్రమే.

ముందుకు తోసే వాలు విషయంలో హద్దు ఇంకా కచ్చితంగా ఉంటుంది. ప్యాడు ఆనే చోట ముక్కు పక్కగోడ, నేరుగా ముందుకు గీసిన గీతతో చేసే కోణపు టాంజెంటు ఘర్షణ గుణకాన్ని దాటితే, ఎంత బలంతో నొక్కినా జోడు ముందుకే వస్తుంది. 0.3 ఘర్షణకు ఆ కోణం సుమారు 17 డిగ్రీలు. బలం రెట్టింపు చేస్తే పట్టూ తోపుడూ రెండూ రెట్టింపవుతాయి కనుక ఫలితం మారదు. మీ అమ్మగారి జోడు చెమట పట్టేవరకు నిలిచి, ఆ తర్వాత ముందుకు జారుతోందంటే మీ ప్యాడ్లు సరిగ్గా ఈ హద్దు మీద కూర్చున్నాయని నా అనుమానం.

కాబట్టి మొదట మార్చవలసింది ప్యాడు ఆనే చోటు. ముక్కు మొదలు దగ్గర, ఎముక ఉన్న పై భాగంలో, పైనుంచి చూస్తే పక్కగోడలు కింది భాగం కంటే తక్కువ వాలుతో, ఒకదానికొకటి దాదాపు సమాంతరంగా ఉండే చోటు ఒకటి చాలామందికి దొరుకుతుంది. అక్కడ ఆనించాలి. కిందికి దిగి మెత్తటి మృదులాస్థి మీద నొక్కితే ముక్కు రంధ్రం లోపల సన్నబడి ఊపిరి ఇబ్బంది అవుతుంది. అలాగని మరీ వెనక్కి, కంటి లోపలి మూలకు తోయకూడదు. అక్కడ కన్నీటి సంచి ఉంటుంది, దాని మీద ఎడతెగని ఒత్తిడి పనికిరాదు. ఈ రెండింటికీ నడుమ దొరికే చోటు చిన్నదే అయినా, మీ రూపకల్పన మొత్తానికి ఆధారం అదే.

ఆ చోటి కోణాలను కంటితో అంచనా వేయవద్దు. కాల్చి మెత్తబరిచిన రాగి తీగను, చివరలు గుండ్రంగా నునుపు చేసి, ముక్కు మీదుగా అడ్డంగా మెల్లగా ఒత్తి, ఆకారం చెదరకుండా తీసి కాగితం మీద గీసుకోండి. ఒకసారి నేల మట్టానికి సమాంతరంగా, ఒకసారి ముఖానికి సమాంతరంగా తీస్తే రెండు వాలులూ కోణమానినితో కొలవవచ్చు. ఎడమ పక్క, కుడి పక్క వేరువేరుగా కొలవాలి. రెండూ ఒకేలా ఉండే ముక్కు అరుదు.

ముందుకు ఒరగడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే కాడలు తీసేసినవారు ఎక్కువగా మరిచిపోయేది దీన్నే. కాడలు ఉన్న జోడులో అద్దాల బరువు ముందుకు లాగుతుంటే చెవులు వెనక్కి పట్టి ఉంచుతాయి. కాడలు లేనప్పుడు ఆ పని కూడా ప్యాడ్లదే. అద్దాల బరువు కేంద్రం ప్యాడు ఆనిన చోటి కంటే 9 మి.మీ. ముందు ఉంటే, 18 గ్రాముల జోడు 162 గ్రాము-మిల్లీమీటర్ల మెలితిప్పుతో ముందుకు ఒరగాలని చూస్తుంది. ఒక్కో ప్యాడు పైన ఒకచోట, కింద ఒకచోట, 14 మి.మీ. ఎడంతో ఆనేటట్టు చేస్తే, 20 గ్రాముల నొక్కుడుకు 0.3 ఘర్షణతో రెండు ప్యాడ్లూ కలిసి ఆపగలిగేది 84 మాత్రమే. బరువు కేంద్రాన్ని 3 మి.మీ. దూరానికి తెస్తే ఒరిగే మెలి 54కు తగ్గుతుంది, కొంత మిగులూ ఉంటుంది. అంటే అద్దాలు చిన్నవిగా, తేలికగా ఉండాలి. ప్యాడ్లు పొట్టి బిళ్లల్లా కాకుండా పొడవుగా ఉండాలి. ప్యాడ్లను మోసే చేతులు అద్దాల వెనక్కి పొడుగ్గా చాచకుండా దగ్గరగా ముడుచుకుని ఉండాలి.

ఈ సమస్యలను 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో ఐరోపా, అమెరికా పనివారు ఎంతో శ్రద్ధగా పరిష్కరించారు. పాన్స్‌నే అనే ముక్కుజోళ్లు అప్పటివే. రష్యన్ రచయిత చెహోవ్ చిత్రాల్లో, అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఫొటోల్లో కనిపించేవి అవే. వాటిలో ఒక రకంలో రెండు అద్దాలనూ కలిపే వంపు తీగే స్ప్రింగు. ముక్కును బట్టి ఆ తీగ విచ్చుకున్నప్పుడు అద్దాల మధ్య దూరం మారేది, అద్దాలు కాస్త తిరిగేవి కూడా. ఆ తర్వాత వచ్చిన, మసాచుసెట్స్‌లోని సౌత్‌బ్రిడ్జి పట్టణపు అమెరికన్ ఆప్టికల్ సంస్థ ఫిట్స్-యు పేరుతో అమ్మిన రకంలో బ్రిడ్జి, అంటే రెండు అద్దాలనూ కలిపే నడిమి భాగం, కదలదు. దానికి అటూ ఇటూ ఉన్న చిన్న మీటలను వేళ్లతో నొక్కితే ప్యాడ్లు మాత్రమే విచ్చుకుంటాయి, వదిలితే చిన్న స్ప్రింగుల బలంతో ముక్కుకు ఆనుకుంటాయి. మీరు అనుసరించవలసింది ఈ రెండో పద్ధతిని. మీ అమ్మగారికి సిలిండరు పవరు, అంటే ఒక దిశలో మాత్రమే పనిచేసే పవరు, ఉంటే ఇది మరీ ముఖ్యం: 2 డయాప్టర్ల (డయాప్టరు అంటే అద్దం పవరుకు కొలమానం) సిలిండరు తన అక్షం నుంచి 5 డిగ్రీలు తిరిగితే 0.35 డయాప్టర్ల దోషం మిగిలిపోతుంది, దాన్ని కన్ను గుర్తుపడుతుంది. అద్దాలు, బ్రిడ్జి ఒకే బిగువైన ముక్కగా ఉండాలి, కదిలేవి ప్యాడ్లు మాత్రమే కావాలి.

ఇక బలం ఎంత ఉండాలన్నది. చర్మంలోని సూక్ష్మ రక్తనాళాల్లో పీడనం సుమారు 32 మి.మీ. పాదరసం అని వైద్య పుస్తకాల్లో చెప్పే అంకెను రూపకర్తలు ఒత్తిడికి మార్గదర్శకంగా వాడుకుంటారు. అది చదరపు సెంటీమీటరుకు సుమారు 43 గ్రాములతో సమానం. అంతకు మించి గంటల తరబడి నొక్కితే ఆ చోటికి రక్తం సరిగా అందదు, ముందు ఎర్రబడుతుంది, తర్వాత నొప్పి వస్తుంది. ప్యాడు నిజంగా ఆనే వైశాల్యం 0.6 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే ఒక్కో పక్క 26 గ్రాములు గరిష్ఠ పరిమితి. అందుకే పైన 20 గ్రాములు తీసుకున్నాను. ప్యాడు ఒక అంచు మీదనే ఆనుతుంటే వైశాల్యం మూడో వంతుకు పడిపోయి, అదే 20 గ్రాములు మూడింతల ఒత్తిడి అవుతుందని గమనించండి. పెద్దవారి చర్మం పలచబడి ఉంటుంది కనుక మీ అమ్మగారి విషయంలో మొదలయ్యే బలాన్ని నేను 20 దాటనివ్వను.

ఇప్పుడు మీ తీగ దగ్గరికి వద్దాం. 0.4 మి.మీ. స్టీలు తీగ 15 మి.మీ. పొడవున, ఒక చివర బిగించి ఉన్నప్పుడు, రెండో చివరను ఒక్క మిల్లీమీటరు నెట్టడానికి సుమారు 21 గ్రాముల బలం కావాలి. ప్యాడు కూర్చునే చోటు కాస్త పైకో కిందికో మారితే ఒక్కో పక్క వెడల్పు 2 మి.మీ. వరకు తేడా రావచ్చు. అంటే 20 గ్రాముల దగ్గర మొదలైన బలం 62కు చేరుతుంది. చదరపు సెంటీమీటరుకు నూరు గ్రాములు దాటిన ఒత్తిడి అది. అరగంటకే నొప్పి రావడానికి కారణం ఇదే. తీగ మందం పెంచితే బిరుసు నాలుగో ఘాతంలో పెరుగుతుంది: 0.4 నుంచి 0.6కు వెళితే అయిదింతలు. అందుకే మందమైన తీగ వద్దన్నాను.

కావలసింది మెత్తని స్ప్రింగు, కానీ ముందే బిగించి పెట్టిన స్ప్రింగు. 0.3 మి.మీ. స్ప్రింగు స్టీలు తీగతో, చుట్ట మధ్య వ్యాసం 2.5 మి.మీ. ఉండేటట్టు నాలుగు చుట్లు చుట్టిన చిన్న టార్షన్ స్ప్రింగును, అంటే మెలితిప్పితే ఎదురు తిరిగే చుట్ట స్ప్రింగును, తీసుకోండి. దాని నుంచి ప్యాడు వరకు చేయి పొడవు 10 మి.మీ. అయితే, ఆ స్ప్రింగును సుమారు 50 డిగ్రీలు మెలితిప్పి పెట్టినప్పుడు ప్యాడు దగ్గర 20 గ్రాముల బలం వస్తుంది. అక్కడి నుంచి ప్యాడు మరో 2 మి.మీ. కదిలినా బలం 25 గ్రాముల లోపే ఉంటుంది. మీ తీగతో అదే 2 మి.మీ. కదలికకు 42 గ్రాములు పెరిగింది, ఇక్కడ అయిదు కూడా పెరగలేదు. ముక్కు ఎక్కడ ఎలా ఉన్నా దాదాపు ఒకే బలంతో ఆనడం అంటే ఇదే, ‘దానంతట అదే సర్దుకోవాలి’ అన్న మీ కోరికకు సరైన రూపం కూడా ఇదే.

ఈ ముందస్తు బిగువు నిలవాలంటే ప్రతి చేతికీ ఒక స్టాపర్ తప్పనిసరి. జోడు ముక్కు మీద లేనప్పుడు చేయి ఆ స్టాపర్ మీద ఆని ఉండాలి, అప్పటికే స్ప్రింగు మెలితిరిగి ఉండాలి. స్టాపర్ లేకపోతే చేతులు లోపలికి ముడుచుకుపోయి బిగువంతా వదిలిపోతుంది, పెట్టుకునేటప్పుడు ప్యాడ్లు ముక్కును గీరుతాయి. స్టాపర్ దగ్గర ప్యాడ్ల మధ్య ఖాళీ, కూర్చునే చోటి ముక్కు వెడల్పు కంటే 2 నుంచి 3 మి.మీ. తక్కువ ఉంటే సరిపోతుంది. బయటి వైపు కూడా ఒక అడ్డు పెట్టండి; వేళ్లతో ఒక్కో పక్క 6 మి.మీ. మించి తెరవనివ్వకపోతే ఈ స్ప్రింగులో ఒత్తిడి సురక్షితమైన హద్దులోనే ఉంటుంది.

స్ప్రింగును ఇంతకంటే చాలా మెత్తగా చేయడానికీ ఒక హద్దు ఉంది. పై కొలతలతో జోడు పక్కలకు ఊగే సహజ పౌనఃపున్యం సెకనుకు 8 సార్లు వస్తుంది. నడకలో అడుగులు సెకనుకు రెండు పడతాయి కనుక ఇబ్బంది లేదు. బిరుసును నాలుగో వంతుకు తగ్గిస్తే అది 4కు దిగి, త్వరగా మెట్లు దిగేటప్పుడు అద్దాలు వణకడం తెలుస్తుంది.

సర్దుబాటు విషయంలో నేను గట్టిగా పట్టుబట్టే నియమం ఒకటి ఉంది: కోణం సర్దే భాగం వేరు, బలం సర్దే భాగం వేరుగా ఉండాలి. చేతిలో ఫ్రేము వైపు స్ప్రింగు, ప్యాడు వైపు వంగితే వంగినట్టే ఉండిపోయే మెత్తని చిన్న తీగ ముక్క ఉంచండి. కళ్లద్దాల దుకాణంలో పట్టుకారుతో ప్యాడు కోణం మార్చినా స్ప్రింగు బిగువు మారకూడదు. స్టాపర్ స్క్రూ తిప్పి బిగువు మార్చినా ప్యాడు కోణం మారకూడదు. ప్యాడును మీరు అచ్చు వేయనక్కరలేదు. బజారులో దొరికే 15 మి.మీ. స్క్రూ సిలికాన్ ప్యాడు దాని డబ్బీలో కొద్దిగా అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగుడును జిగురు వేసి ఆపేయకండి. చర్మం మీద మొత్తం ముఖం ఆనేలా ప్యాడు తనను తాను తిప్పుకునేది ఆ ఊగుడు వల్లనే, పైన చెప్పిన 0.6 చదరపు సెంటీమీటర్లు దక్కేది కూడా దాని వల్లనే.

లోహాల గురించి. చర్మం ఇప్పటికే సున్నితంగా ఉన్న మనిషి కనుక నికెల్ పట్ల జాగ్రత్త వహించాలి. మీ అమ్మగారి చెవుల వెనుక పుండ్లకు పాత ఫ్రేములోని నికెలే కారణమేమో చర్మవైద్యులకు చూపించి తెలుసుకోవడం మంచిది; అదే కారణమైతే టైటానియం కాడలతోనే సమస్య తీరిపోవచ్చు, ఇంత శ్రమ అక్కరలేకపోవచ్చు. ఐరోపా నియమాల ప్రకారం చర్మానికి ఎక్కువసేపు ఆనే వస్తువుల నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాములకు మించి నికెల్ వెలువడకూడదు. వంచినా తిరిగి లేచే మెమరీ మెటల్‌లో బరువులో సగానికి పైగా నికెలే, కాబట్టి చర్మానికి తగిలే చోట దాన్ని వాడకండి. జర్మన్ సిల్వర్ (పేరుకే సిల్వర్, నిజానికి రాగి, నికెల్, జింకుల మిశ్రమం) తీగ సులువుగా వంగుతుంది కానీ అందులోని రాగి వల్ల చెమటకు పచ్చని చిలుము పడుతుంది. చేతులకు బీటా టైటానియం (స్ప్రింగులా వంగి లేచే టైటానియం మిశ్రమం) నా మొదటి ఎంపిక. చుట్ట స్ప్రింగు స్టీలుదే అయినా, అది చర్మానికి తగలకుండా, కనుబొమ్మ వెంట్రుకలు చుట్లలో చిక్కకుండా చిన్న గొట్టంలాంటి తొడుగులో ఉంచండి. తొడుగుకు కింద ఒక రంధ్రం ఉండాలి, లేకపోతే చెమట ఉప్పు లోపలే పేరుకుపోతుంది.

స్ప్రింగును స్వర్ణకారుడితో వెండి టంకం పెట్టించి అతికించవద్దు. ఆ వేడికి తీగ బిగువు చచ్చిపోయి మామూలు మెత్తని తీగ అయిపోతుంది, పైకి మాత్రం తేడా కనిపించదు. తీగ చివరను వంచి రంధ్రంలో దూర్చి నిలపడం మేలు. త్రీడీ ప్రింటింగులో చేసిన ప్లాస్టిక్ ముక్కలు ఆకారం సరిచూసుకోవడానికి ఎంతో పనికివస్తాయి కానీ వాటినే స్ప్రింగుగా వాడితే ఎడతెగని బరువుకు మెల్లగా సాగిపోతాయి. అందులోనూ ఆ ప్రింటింగులో ఎక్కువగా వాడే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది; మే నెలలో విజయవాడ ఎండలో నిలిపిన కారులో మరిచిపోతే జోడు ఆకారమే మిగలదు.

తయారయ్యాక బలాన్ని ఊహించకుండా కొలవండి. బంగారు దుకాణాల్లో వాడేలాంటి చిన్న డిజిటల్ కాటా మీద, ఒక ప్యాడు కిందికి ఉండేటట్టు జోడును బ్రిడ్జి దగ్గర ఒక దిమ్మకు బిగించి, ప్యాడు స్టాపర్‌ను వదిలి కదిలే క్షణంలో అంకె చూడండి. అది 18, 20 గ్రాముల మధ్య ఉండాలి. 2 మి.మీ. మందం ఉన్న రేకును ప్యాడు కింద చేర్చి మళ్లీ చూడండి, 25 దాటకూడదు. రెండు పక్కల అంకెల మధ్య తేడా 2 గ్రాములకు మించితే జోడు బలం ఎక్కువ ఉన్న పక్కకు జరుగుతుంది, సిలిండరు అద్దం తిరిగే ప్రమాదమూ ఉంటుంది.

మొదటి రోజు అమ్మగారికి ఇరవై నిమిషాలు మించి పెట్టనివ్వకండి. తీశాక ముక్కు మీద గుర్తు పడటం సహజమే; పావుగంటలో ఆ ఎరుపు మాయమైతే మరుసటి రోజు సమయం పెంచండి, మాయం కాకపోతే స్టాపర్ స్క్రూ తిప్పి బిగువు తగ్గించండి. పాత ముక్కుజోళ్లకు కట్టినట్టే ఒక సన్నని తాడు కట్టి మెడలో వేయండి, తుమ్మినప్పుడు ఏ ముక్కుజోడైనా ఊడవచ్చు.

మీరు తీసిన ముక్కు కొలతల్లో ముందుకు తోసే కోణం 12 డిగ్రీల లోపు ఉంటే ఈ పద్ధతిలో ముందుకు వెళ్లండి. 12 నుంచి 17 మధ్య ఉంటే ఇంట్లో కూర్చుని చదువుకునేటప్పుడు మాత్రం వాడదగిన జోడు అవుతుంది. 17 దాటితే స్ప్రింగుతో పోరాడకుండా, చెవుల వెనక్కి వెళ్లకుండా కణతల మీదే మెత్తగా ఆని ఆగే పొట్టి కాడలను, ఇదే స్ప్రింగు ప్యాడ్లతో కలిపి ఆలోచించండి. అప్పుడు ప్యాడు బలం 10 గ్రాములకు తగ్గించుకోవచ్చు. రాగి తీగతో గీసిన రెండు ఆకారాలు, అద్దాల పవరు, ప్యాడ్ల నుంచి అద్దాల వరకు ఉన్న దూరం తెలియజేస్తే, మీ అమ్మగారి ముక్కుకు సరిపోయే చేయి పొడవును, స్టాపర్ స్థానాన్ని లెక్క వేసి ఇస్తాను.